చూడగానే తట్టకపోతే తెలివి లేనట్టేనా?

ప్రశ్న: ఇంటర్ ద్వితీయ సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. క్లాసులో చెప్పిన లెక్కలు చేయగలను కానీ, కాస్త మార్చి ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. వెంటనే సొల్యూషన్ చూస్తాను, చూస్తే అర్థమవుతుంది, మర్నాడు మళ్లీ అదే పరిస్థితి. నాకు తెలివి లేదని నాన్న అంటున్నారు. నిజమేనా?
- ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: సొల్యూషన్ చదివితే అర్థమవుతున్నదంటే, మీకు తెలివి లేదన్న మాటకు ఆధారం లేదు. ఏమీ తోచని ఆ కాసేపటిని ఓర్చుకునే అలవాటే మీకింకా కాలేదు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో గణితానివే 80 ఉండడంతో, కాలేజీలు వేగానికి ఇచ్చే ప్రాధాన్యం ఆలోచనకు ఇవ్వడం లేదు. దీనివల్ల ఎందరో పిల్లలు మీలాగే తమను తాము తక్కువ చేసుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే సమస్యా సాధనను నాలుగు దశలుగా వివరించారు: సమస్యను అర్థం చేసుకోవడం, మార్గం ఆలోచించడం, దాన్ని అమలు చేయడం, చేసినదాన్ని తిరిగి పరిశీలించడం. మీరు రెండో దశను సొల్యూషన్ పుస్తకానికి అప్పగించి, నాలుగోదాన్ని వదిలేస్తున్నారు. ఉదాహరణకు సైన్ ఎక్స్, కాస్ ఎక్స్‌ల లబ్ధానికి గరిష్ఠ విలువ అడిగితే, అవకలనం చేసి 1/2 అని రాబట్టగానే తర్వాతి లెక్కకు వెళ్లిపోతాం. ఇంకో దారి ఉందేమోనని ఆగి చూస్తే, ఆ లబ్ధం సైన్ 2ఎక్స్‌లో సగమేనని, సైన్ విలువ 1 దాటదు కనుక జవాబు ఒక్క వరుసలో తేలుతుందని తెలుస్తుంది. ఇలాంటి లబ్ధం కనబడితే ద్విగుణ కోణంలోకి మార్చి చూడాలన్న ఆ ఎరుకే కొత్త లెక్కలో మొదటి అడుగు వేయిస్తుంది.

రోజుకు రెండు మూడు లెక్కలకైనా, సొల్యూషన్ తెరవకుండా పావుగంట గడపండి. ఇచ్చినదేమిటో, అడిగినదేమిటో మీ మాటల్లో రాయండి, బొమ్మ గీయండి, చిన్న సంఖ్యలు పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే సొల్యూషన్‌లో మొదటి వరుస మాత్రం చూసి మూసేయండి. తర్వాత ఎక్కడ ఆగారో, ఏది గమనించి ఉంటే ముందుకు సాగేవారో ఒక నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసుకొని, ఆదివారం అవే లెక్కలను ఏమీ చూడకుండా మళ్లీ చేయండి. గడియారం పెట్టుకొని చేసే సాధన పరీక్షకు ముందు వారాల్లో చాలు.

నాన్నగారి చేత ఆ మాట అనిపించింది ఆందోళనే కావచ్చు, అయినా మీరు దాన్ని నమ్మనవసరం లేదు. ఈ నోట్‌బుక్ ఆయనకు చూపించి, ఈ వారం ఎక్కడ ఆగారో, ఎలా దాటారో వివరించండి. అప్పటికీ ఆయన ధోరణి మారకపోతే, మీ గణితం లెక్చరర్‌తో ఒకసారి మాట్లాడించండి.