‘సానుభూతి నాడులు’ అనవచ్చా?

సందేహం: పక్షవాతం వచ్చిన మా అమ్మను వరంగల్‌లో ఒక వైద్య పరిశోధనలో చేర్చుకుంటామంటూ అంగీకార పత్రం ఇచ్చారు. ‘స్ట్రోకు తర్వాత మీ సానుభూతి నాడుల పనితీరును కొలుస్తాము’ అని అందులో ఉంది. చదివి వినిపిస్తే అమ్మ ‘నాకు ఎవరి సానుభూతీ వద్దు’ అని ముఖం తిప్పుకుంది. ఆ మాట సరైనదేనా? స్ట్రోకును పక్షవాతం అనవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మగారి కోపం న్యాయమైనది. వ్యుత్పత్తి మాత్రం ‘సింపథెటిక్’ అనే ఇంగ్లిష్ మాటను ఇలా తెలుగు చేసిన అనువాదకుడి పక్షానే ఉంది. సానుభూతి అంటే అనుభూతితో కూడినది; ఆ ఇంగ్లిష్ మాటకు మూలమైన గ్రీకు మాటకూ ‘కలిసి అనుభవించడం’ అనే అర్థం. ఒక అవయవం బాధను మరొకటి నాడుల ద్వారా పంచుకుంటుందని పాత వైద్యులు నమ్మేవారు. ఆ నమ్మకంతోనే 1732లో విన్‌స్లో అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆ పేరు వాడాడు. కానీ నేటి తెలుగులో సానుభూతి అంటే జాలి, పరామర్శ. పాఠ్యపుస్తకాల్లోని ‘సహానుభూత నాడీవ్యవస్థ’ ఆ చిక్కు తప్పించింది గానీ, మంచం మీది మనిషికి అదీ అర్థం కాదు. కుక్క మీదికి వస్తే గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుకుపోతుంది. అది ఈ నాడుల పనే అంటే ఎవరికైనా తెలుస్తుంది.

పక్షవాతం సంగతి ఇంకా ముఖ్యం. పక్షమంటే పక్క. ఒంట్లో ఒక పక్క చచ్చుబడటాన్ని చెప్పే మాట అది. స్ట్రోకు జరిగేది మెదడులో: రక్తనాళం పూడుకుపోవడమో, చిట్లడమో. కొందరికి మాట మాత్రమే ముద్దగా వస్తుంది, కొందరికి చూపు తగ్గుతుంది. ‘కాలూ చెయ్యీ ఆడుతున్నాయి, పక్షవాతం కాదులే’ అని ఇంట్లోనే ఉంచితే, రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణంగా ఉండే నాలుగున్నర గంటల గడువు దాటిపోతుంది. ఒక్క మాట ఇంత నష్టం చేయగలదు. ‘మెదడుపోటు’ కూడా నాకు నచ్చదు. పోటు అనగానే నొప్పి కోసం చూస్తాం; స్ట్రోకు చాలామందికి నొప్పి లేకుండానే వస్తుంది. వడదెబ్బ లాగా ‘మెదడు దెబ్బ’ అందామంటే తలకు గాయమనుకుంటారు. ఇంట్లో పక్షవాతమనే అనుకోండి, పత్రంలో మాత్రం స్ట్రోకు అనే ఉంచి, వివరించాలి.

వాక్యాన్ని ఇలా మార్చమని వారిని అడిగి, అమ్మగారికి మళ్లీ చదివి వినిపించండి: ‘మీ మెదడుకు రక్తం సరిగా అందక స్ట్రోకు వచ్చింది. ఆ తర్వాత, మన ప్రమేయం లేకుండా గుండె వేగాన్నీ బీపీనీ పెంచే నాడులు అతిగా పనిచేస్తున్నాయేమో చూస్తాము.’ రక్తనాళం చిట్లి వచ్చిన స్ట్రోకు అయితే మొదటి వాక్యాన్ని అందుకు తగ్గట్టు రాయమనండి.