ఆ రెండు బొమ్మల మీదా 17/50 అనే ఉంది

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. మాది హనుమకొండ. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఒక చిత్రకారుడి లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్లు సేకరిస్తుంటాను. ఆయన బొమ్మలున్న కథల పుస్తకం ఒకటి మా అమ్మాయి చిన్నప్పుడు మావారు కాజీపేట స్టేషన్‌లో కొన్నారు. రాత్రి అది చదివితే గానీ పాప పడుకునేది కాదు. మావారు 2021లో కాలం చేశారు. ఆ పుస్తకంలోని బొమ్మలే ప్రింట్లుగా దొరుకుతున్నాయని తెలిసి హైదరాబాద్‌లోని ఒక గ్యాలరీలో 2023 మార్చిలో నాలుగు, ఆగస్టులో రెండు కొన్నాను. ఒక్కోటి 23 వేలు, మొత్తం 1,38,000. నాలుగింటికి ఫోన్‌పే చేశాను, రెండింటికి నగదు ఇచ్చాను. "యాభై మాత్రమే వేశాం, మళ్లీ వేసేది లేదు, రేపు రేటు పెరుగుతుంది" అన్నారు. ఫ్రేము సైజుకు సరిపోలేదని ఆగస్టులో కొన్న ఒక ప్రింటు కింది అంచు ఫ్రేము షాపులో కోశారు. ప్రింట్లతో ఇచ్చిన సర్టిఫికెట్లు పోకుండా ఫ్రేముల వెనక అతికించారు.

2024 నవంబరు 24న కార్తీక మాసం వ్రతానికని కరీంనగర్‌లో స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. వాళ్ల హాల్లో గొడుగు కింద ఏనుగు బొమ్మ ఉంది. నా దగ్గరున్నదే. కింద నాదానిలాగే 17/50. తనూ ఆ గ్యాలరీలోనే కొన్నదట. ఆ రాత్రే ఫొటో పెట్టి ఓనర్‌ను అడిగాను. అప్పటినుంచి "చూద్దాం మేడం" అంటూ గడిపాడు. ఇప్పుడేమో, ఇవి అసలైన లిమిటెడ్ ఎడిషన్ అని నేనో లెటర్ రాసిస్తే ఆరూ బెంగళూరులో 35 వేల చొప్పున అమ్మిపెడతానంటున్నాడు. నాకు డబ్బు కన్నా మావారి జ్ఞాపకంతో ఆడుకున్నారన్న బాధే ఎక్కువ. మానసిక క్షోభకు ఎంత అడగొచ్చు? పోలీసు కేసు పెట్టాలా? అమ్మేయమంటారా? ఈ బొమ్మలు గోడ మీద ఉంచుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం, దానితో పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. ఉత్తరంలో ఎక్కువ భాగం మీవారి గురించి, పుస్తకం గురించి ఉంది. కేసు తేలేది మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన చోట. "యాభై మాత్రమే వేశాం, మళ్లీ వేసేది లేదు." ఈ మాట ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, రాతలో ఉందా? వినియోగదారుల కమిషన్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఎందుకో చెబుతాను. 17/50 అంటే యాభైలో పదిహేడోది. ఆ యాభైకి బయట చిత్రకారుడు తన కోసం కొన్ని ఉంచుకుంటాడు. వాటి మీద మామూలుగా ఏ.పి. (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాస్తారు. అలాంటిది ఇంకొకరి ఇంట్లో కనిపిస్తే మోసం కాదు. అదే బొమ్మను మరో సైజులో, మరో కాగితం మీద ఇంకో యాభైగా వేయడం కూడా ఈ రంగంలో ఉన్నదే. అప్పుడు చిన్న సైజులో ఒక 17/50, పెద్ద సైజులో ఒక 17/50 ఉంటాయి. గ్యాలరీ వాళ్ల లాయరు రాసే మొదటి జవాబు ఇదే అవుతుంది: "ఆవిడది వేరే ఎడిషన్." మీరు రెండు ప్రింట్ల కొలతలు తీశారా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కొలతలు, కాగితం ఒకటే అయితే మీ కేసు గట్టిది. ఒకే ఎడిషన్‌లో ఒకే నంబరు రెండుసార్లు రావడానికి వీల్లేదు. కొలతలు వేరైతే, "ఈ బొమ్మ ఇంకే సైజులోనూ వేయం" అన్న మాట రాతలో ఉంటే తప్ప కష్టం.

అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో ఇలాంటి ప్రింట్లు అమ్మేవాళ్లు ఎడిషన్ వివరాలు రాసి ఇవ్వాలని ప్రత్యేక చట్టాలున్నాయి. మనకు అలాంటిది లేదు. మనకున్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టం. ఫలానా రకమని వర్ణించి అమ్మినప్పుడు సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని దాని సెక్షన్ 15 చెబుతుంది. సరుకు గురించి లేని గొప్ప ఉన్నట్టు చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. చట్టం మీ వైపే ఉంది. కానీ వర్ణన ఏమిటో మీరే చూపించాలి.

మీ కాగితాల్లో అదెక్కడుందో చూశాను. బిల్లు మీద "ఆర్ట్ ప్రింట్స్ – 4" అని మాత్రమే ఉంది. సర్టిఫికెట్ ఫొటోలో బొమ్మ పేరు, నంబరు కనిపిస్తున్నాయి, కింది సగం ఫ్రేము టేపు కింద ఉంది. "మళ్లీ వేసేది లేదు" అన్న మాట వాట్సాప్ మెసేజ్‌లో ఉంది. అయితే మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో తేదీ లేదు, ఏ నంబరు నుంచి వచ్చిందో లేదు. కావలసినవి రెండూ కత్తిరించి పంపారు. ఆ ఫోన్ ఇంకా మీ దగ్గరే ఉంటే దాన్ని అమ్మకండి, రీసెట్ చేయకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి. మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం, దాన్ని ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని సివిల్ కోర్టు అంత కచ్చితంగా పట్టుకోదు, అయినా జత చేయండి. రేపు అప్పీలు వెళ్తే అడుగుతారు.

ఇప్పుడు గడువు సంగతి. ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లే గడువు. మీరు మొదటి నాలుగూ కొన్నది 2023 మార్చి. ఆ నంబరు చూసింది 2024 నవంబరు. అప్పటికి కొన్న తేదీ నుంచి లెక్కేసినా రెండేళ్లు నిండలేదు. ఆ వారమే ఏ లాయరు దగ్గరికి వెళ్లినా లిమిటేషన్ అన్న మాటే వచ్చేది కాదు. "చూద్దాం మేడం" అన్న మాటను నమ్మి కూర్చున్నారు. మీరు ఎన్ని మెసేజ్‌లు పెట్టినా, ఆయన ఎన్నిసార్లు చూద్దామన్నా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. అప్పు ఉందనో బాధ్యత ఉందనో గడువు లోపల రాసి సంతకం పెడితే అది వేరే సంగతి. చూద్దామనడం ఒప్పుకోలు కాదు.

ఇప్పుడు మీకు మిగిలిన ఆధారం, లోపం తెలిసిన రోజు నుంచి లెక్క. కొనేటప్పుడు కంటికి కనిపించే లోపం కాదిది. రెండో ప్రింటు ఎదురుపడితే తప్ప తెలిసే అవకాశం లేదు. ఇలాంటి దాగిన లోపాల విషయంలో తెలిసిన రోజునే లెక్కలోకి తీసుకోవచ్చన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 2010లో ఒక వైద్య నిర్లక్ష్యం కేసులో చర్చించింది. ఆ లెక్కన మీ గడువు 2026 నవంబరు 24తో ముగుస్తుంది. దయచేసి ఆ రోజు దాకా ఆగకండి. ఫిర్యాదుతో పాటే, ఆలస్యం అనుకుంటే మన్నించమని కారణాలతో విడిగా ఒక దరఖాస్తు కూడా వేయండి. సెక్షన్ 69లోనే అందుకు వీలుంది. సివిల్ దావాకైతే మూడేళ్లు. మోసం దాచి ఉంచితే, తెలిసిన రోజు నుంచి లెక్కించమని 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 చెబుతుంది. కానీ లక్షా ముప్పై ఎనిమిది వేలకు సివిల్ కోర్టు చుట్టూ తిరగమని నేను చెప్పను.

తెలిసింది ఆ రోజేనని రుజువేమిటి? మీకు తెలియకుండానే మంచి సాక్ష్యం తయారు చేసుకున్నారు. వ్రతం రోజు రాత్రి కోపంతో ఫొటో పెట్టి "ఇదేంటి సార్, రెండూ పదిహేడే ఎలా అవుతాయి" అని పంపిన మెసేజ్. మీ దగ్గరున్న కాగితాల్లో అంతకు మించింది లేదు. అసలు ఫొటో ఫోన్‌లోనే ఉంచండి, తీసిన తేదీ, సమయం దానిలోనే ఉంటాయి.

ఇంకొక మాట మీకు నచ్చకపోవచ్చు. ఆరు ప్రింట్లకూ కలిపి మోసపోయానంటున్నారు. రుజువున్నది ఒక్కదానికే. ఏనుగు బొమ్మకు. మిగతా ఐదూ యాభైకి మించి వేశారనడానికి ఇప్పటికైతే మీ అనుమానం తప్ప ఏమీ లేదు. దానికి దారి ఆ చిత్రకారుడే. ఆయనకు మర్యాదగా ఉత్తరం రాయండి: ఈ ఆరు బొమ్మలకు ఎన్ని ఎడిషన్లు, ఏయే సైజులు, ఎన్నెన్ని సంతకం చేసి ఇచ్చారు, మీ ప్రింట్ల మీది సంతకం ఆయనదేనా. బహుశా ఆయనా మీలాగే మోసపోయి ఉంటాడు. గ్యాలరీ తనకు చెప్పకుండా అదనంగా వేసి ఉంటే అది కాపీరైట్ ఉల్లంఘన, ఆ దావా వేసే హక్కు ఆయనది. (పాత బొమ్మలే కదా అని స్కాన్ చేసి అమ్మేవాళ్ల దగ్గర కొంటున్నవాళ్లు నాకు తరచూ రాస్తుంటారు. చిత్రకారుడు పోయాక కూడా అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. చందమామ ముఖచిత్రాల వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు, అంటే ఆయన బొమ్మలకు 2052 చివరి దాకా రక్షణ ఉంది.) మీ చిత్రకారుడి జవాబు రాకపోయినా, ఎడిషన్ రికార్డు తెమ్మని గ్యాలరీని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. ఫిర్యాదులోనే అడగండి.

ఆగస్టులో నగదుకు కొన్న రెండింటికీ బిల్లు లేదు. వాటిలో ఒకదాని అంచు కోయించారు. నంబరు, సంతకం ఉండేది ఆ అంచులోనే కదమ్మా! 23 వేల కాగితాన్ని ఫ్రేముకు సరిపోలేదని కోస్తుంటే పక్కన నిలబడి చూశారా? బ్యాంకు నుంచి ఆ 46 వేలు తీసిన ఎంట్రీ, "రెండూ అందాయి" లాంటి మెసేజ్ ఉంటే పట్టుకురండి. లేకపోతే ఆ రెండింటినీ ఫిర్యాదులో ముందు వరసలో పెట్టవద్దు. బలహీనమైనవి ముందు పెడితే బలమైనది కూడా నమ్మరు.

గ్యాలరీ ఓనర్ చెప్పిన లెటర్ రాశారా? రాయలేదనుకుంటున్నాను. రాయకండి. ఒక్క అక్షరం రాయకండి. ఏనుగు బొమ్మ నంబరు రెండుసార్లు ఉందని మీకు తెలుసు. తెలిసి, అసలైనదని రాసిచ్చి మరొకరికి అమ్మితే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం చేసింది మీరవుతారు. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. బెంగళూరులో కొన్నాయన ఫిర్యాదు చేస్తే సంతకం మీది, గ్యాలరీ పేరు ఎక్కడా ఉండదు. పైగా మీ సాక్ష్యం మీ చేతుల మీదుగానే ఊరు దాటిపోతుంది. ఆ లెటర్నే గ్యాలరీ ఓనర్ రేపు కమిషన్ ముందు పెట్టి, "ఆవిడే అసలైనవని రాసిచ్చారు" అంటాడు.

ఇంకో నష్టమూ ఉంది. తిరిగి అమ్ముకోవడానికి కొన్నవాళ్లు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. "రేపు రేటు పెరుగుతుంది" అన్న మాట పట్టుకుని మీరు పెట్టుబడి పెట్టారని వాళ్లు వాదిస్తారు. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పండి: అమ్మాయి గదిలో పెట్టుకోవడానికి కొన్నాను, ఇంతవరకూ ఒక్కటీ అమ్మలేదు. ముఖ్య ఉద్దేశం ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. ధర పెరగొచ్చన్న ఆశ ఉన్నంత మాత్రాన అది వ్యాపారం కాదు. ఆరూ ఒకేసారి లాభానికి అమ్మాక ఈ మాట ఎవరూ నమ్మరు.

పోలీసు కేసు ఇప్పుడు వద్దు. మీరు కొన్నది 2023లో కాబట్టి పాత ఐపీసీ 420 వర్తిస్తుంది. అమ్మే రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. చిత్రకారుడి జవాబు వచ్చాక అది తేలితే అప్పుడు ఆలోచిద్దాం. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన కమిషన్ గడువు ఆగదు. ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి దొంగలని రాయడం కూడా వద్దు.

చేయాల్సింది ఇది. ముందు కరీంనగర్ వెళ్లి రెండు ఏనుగు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, కొలత టేపు కనిపించేలా, నంబరూ సంతకమూ దగ్గరగా ఫొటోలు తీయండి. స్నేహితురాలి దగ్గర అఫిడవిట్ తీసుకోండి. మొహమాటపడితే ఆమె కూడా నష్టపోయిందని చెప్పండి, తనూ ఫిర్యాదు చేయవచ్చు. సర్టిఫికెట్లను మీరు పీకకండి. ఫ్రేము కట్టేవాళ్లతోనే జాగ్రత్తగా తీయించి, ముందూ వెనకా ఫొటోలు పెట్టుకోండి. ఆ తర్వాత స్పీడ్ పోస్టులో లాయరు నోటీసు. పదిహేను రోజులు చాలు. జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు వేసేయండి. హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ప్రింట్లు తిరిగి ఇచ్చి సొమ్ము వాపసు అడగండి. అది కుదరదంటే ధరలో తేడా ఇప్పించమనండి. మానసిక క్షోభకు ఎంత ఇవ్వాలన్నది కమిషన్ ఇష్టం. పాతిక వేలు అడగండి. లక్షలు రాస్తే అసలు పాయింటు పలచనవుతుంది.

గోడ మీద ఉంచుకోవచ్చా అన్నారు. తీసేయండి. ఎండ తగిలి రంగు వెలిస్తే పాడు చేసింది మీరేనంటారు. పరుపు కింద పెట్టకుండా, బల్లపరుపుగా, పొడిచోట ఉంచండి.

ఆ పాత పుస్తకం కూడా తీసుకురండి. మీరు ఇన్ని పంక్తులు దాని గురించి రాసి, అందులోని ఏనుగు బొమ్మను ప్రింటుతో పోల్చి చూశారా అన్నది రాయలేదు. పుస్తకంలో బొమ్మ పేజీ అంచు దగ్గర ఎక్కడ తెగిందో చూడండి. ప్రింటులోనూ సరిగ్గా అక్కడే తెగి ఉంటే, పది రెట్ల భూతద్దంలో పుస్తకం అచ్చు చుక్కలు ప్రింటులోనూ కనిపిస్తే, అది చిత్రకారుడి అసలు బొమ్మ నుంచి తీసింది కాదు, పుస్తకం పేజీని స్కాన్ చేసి వేసింది అనడానికి బలమైన ఆధారం. అప్పుడు సైజు వేరన్న వాదన కూడా నిలవదు. పేజీలు తుడవకండి, అట్ట అతికించకండి, ఉన్నది ఉన్నట్టుగానే తెండి.