గీత కొట్టిన ధర, చేతికొచ్చే బిల్లు

నవంబరు తగ్గింపులు దగ్గరపడుతున్న కొద్దీ గోదావరి జిల్లాల పాఠకులు సంగీత సాఫ్ట్‌వేరు కొనుగోలు గురించి ఎక్కువగా అడుగుతున్నారు. వారి ప్రశ్నల్లో కొన్నింటిని కుదించి, ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. తీరిక వేళల్లో కీబోర్డు మీద భజన కీర్తనలకు బాణీలు కట్టి, ఊరి బృందం చేత పాడించి, 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో రికార్డు చేస్తుంటాను. నవంబరు వచ్చిందంటే 80 శాతం తగ్గింపు, 90 శాతం తగ్గింపు అంటూ మెయిళ్లు వచ్చి పడుతున్నాయి. ఈసారి పది వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాను. ఇప్పుడు కొనకపోతే ఆ ధర మళ్లీ దొరకదేమోనని బెంగగా ఉంది. ఏవి కొనమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, కోనసీమ

జవాబు: ముందు ఆ బెంగ సంగతి చూద్దాం. బ్లాక్ ఫ్రైడే అన్నది అమెరికాలో నవంబరు నాలుగో గురువారం జరుపుకొనే థాంక్స్‌గివింగ్ పండుగకు మర్నాడు దుకాణాల్లో పెట్టే తగ్గింపు. సంగీత సాఫ్ట్‌వేరు సంస్థల్లో చాలావరకు దాన్ని ఒక్క రోజుతో వదలవు. నవంబరు పొడవునా సాగదీస్తాయి. అది ముగిసీ ముగియకముందే సంవత్సరాంతపు తగ్గింపు, ఆ తరువాత వేసవి తగ్గింపు వరుసలో నిలబడి ఉంటాయి. ఆషాఢంలో చీరల దుకాణం వారు అంటించే ధర చీటీని మన ఇళ్లలో ఆడవారు ఎంత అనుమానంగా చూస్తారో, ఈ గీత కొట్టిన ధరలనూ అలాగే చూడాలి. 149 డాలర్ల మీద గీత కొట్టి 29 అని రాసిన ప్లగిన్ (ప్రధాన సాఫ్ట్‌వేరుకు తగిలించుకునే చిన్న పనిముట్టు) ఏడాదిలో చాలా నెలలు 29కే దొరుకుతూ ఉంటే, దాని ధర 29 డాలర్లేనని అర్థం. మీకు అక్కరకు వస్తాయనుకున్న నాలుగైదింటి ధరలను వేసవి నుంచే ఒక పుస్తకంలో తేదీతో సహా రాసి ఉంచుకుంటే, నవంబరు మెయిలు చెప్పే శాతాలతో మీకు పని ఉండదు.

అసలు తగ్గింపులే పెట్టని వారూ ఉన్నారు. వల్‌హల్లా సంస్థ తన ప్రతిధ్వని ప్లగిన్లను ఏడాది పొడవునా 50 డాలర్లకే అమ్ముతుంది, కనుక వాటి కోసం నవంబరు దాకా ఆగడం వృథా. పైగా వారి సూపర్‌మాసివ్ ఉచితమే. పాటను రికార్డు చేసి కూర్చే ప్రధాన సాఫ్ట్‌వేరుల్లో రీపర్ సంగతీ అంతే. సొంత సరదాకు వాడుకునే వారికి దాని లైసెన్సు 60 డాలర్లు. అరవై రోజుల పాటు ఏ పరిమితీ లేకుండా వాడి చూడనిస్తారు, కొన్న తరువాత మరో పూర్తి సంచిక (వెర్షన్) దాకా కొత్త డబ్బు అడగరు. మీరు చెప్పిన పనికి, మీ లాప్‌టాప్‌కు నేను ముందుగా సూచించేది అదే.

ప్రధాన సాఫ్ట్‌వేరును తగ్గింపులో కొనేవారు సాధారణంగా బోల్తా పడేది చిన్న సంచికల (ఎడిషన్ల) దగ్గర. ఎఫ్ఎల్ స్టూడియోలో ఫ్రూటీ అనే చవక సంచికలో గొంతు రికార్డు చేయడానికి వీలు లేదు, ఆ పనికి ప్రొడ్యూసర్ సంచిక కావాలి. ఏబుల్టన్ లైవ్‌లో ఇంట్రో సంచికకు 16 ట్రాకులే హద్దు. ఒక్కో గొంతుకూ వాద్యానికీ ఒక్కో ట్రాకు కావాలి. హార్మోనియం, తబలా, తాళాలు, తంబురా, ఇద్దరు ముగ్గురు వంత పాడేవారు చేరితే మీ భజనకు ఆ పదహారూ ఇట్టే నిండిపోతాయి. ఎఫ్ఎల్ స్టూడియో మీద నాకు గౌరవమే ఉంది, ఎందుకంటే ఒకసారి కొన్నవారికి జీవితాంతం కొత్త సంచికలను ఉచితంగా ఇస్తానన్న మాటను అది నిలబెట్టుకుంటూ వస్తోంది. అయినా కొనే ముందు సంస్థ వెబ్‌సైటులో సంచికలను పోల్చి చూపే పట్టికను కింది వరుస దాకా చదవాలి. మీరు ఉపాధ్యాయులు కాబట్టి విద్యారంగం వారికిచ్చే ప్రత్యేక ధర ఉందేమో కూడా చూడండి. చాలా సంస్థలు దాన్ని విద్యార్థులతో పాటు ఉపాధ్యాయులకూ ఇస్తాయి, దానికి నవంబరుతో నిమిత్తం లేదు. మీ కీబోర్డు, మైకు ఇంటర్‌ఫేసు వచ్చిన పెట్టెలను అటక మీది నుంచి దించి చూడడం కూడా మంచిది, ఎందుకంటే వాటితో పాటు ఏబుల్టన్ లైవ్ లైట్ వంటివి ఉచితంగా వచ్చి, నమోదు చేసుకోకపోవడం వల్ల చాలా ఇళ్లలో అలాగే పడి ఉంటాయి.

ఇక ప్లగిన్లు. ముప్ఫై ప్లగిన్ల కట్టను ఒకటి రెండింటి ధరకే ఇస్తున్నారంటే ఆశ పుట్టడం సహజం. కానీ ఆ ముప్ఫైలో మీ చేతికి అలవాటయ్యేవి మూడో నాలుగో ఉంటాయి, మిగిలినవాటికీ ఖాతాలు తెరవడం, అనుమతులు తెచ్చుకోవడం, విండోస్ మారినప్పుడల్లా మళ్లీ ఎక్కించుకోవడం తప్పదు. వేవ్స్ వంటి సంస్థల్లో కొన్న ఏడాది తరువాత వచ్చే కొత్త సంచికలకు విడిగా రుసుము కట్టాలి. అదే సంస్థ 2023 మార్చిలో ఒక్కసారిగా శాశ్వత లైసెన్సులు ఆపేసి చందా పద్ధతే ఉంటుందని ప్రకటించింది, వాడుకరులు గగ్గోలు పెట్టగా కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఇది తెలిస్తే 'శాశ్వతం' అన్న చోట షరతులు కూడా చదవబుద్ధి అవుతుంది.

ప్లగిన్ మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. దాదాపు ప్రతి సంస్థా వారం నుంచి నెల దాకా పరీక్షకు ఇస్తుంది. మీ పాటలోని హార్మోనియం ట్రాకు మీద ముందుగా రీపర్‌లోనే ఉన్న రీకాంప్ (ధ్వని హెచ్చుతగ్గులను అదుపు చేసే కంప్రెసర్) పెట్టి, మీకు నచ్చేదాకా సవరించండి. అదే ట్రాకును పక్కన నకలు చేసి, దాని మీద తగ్గింపులో ఉన్న కొత్త కంప్రెసర్ పెట్టండి. ఇప్పుడు మీటరు చూస్తూ రెండింటి శబ్ద స్థాయినీ సమానం చేయండి. ఈ మెట్టు తప్పితే పరీక్షే దండగ, ఎందుకంటే ధ్వని ఒక్క డెసిబెల్ పెరిగినా మన చెవికి అది మెరుగ్గానే తోస్తుంది, చాలా ప్లగిన్లు పెట్టీ పెట్టగానే ధ్వనిని కొంత పెంచుతాయి కూడా. ఆ పైన కళ్లు మూసుకుని, ఏది ఏదో లెక్క మరిచిపోయేలా రెండు ట్రాకుల మధ్య మార్చే మీటను అటూ ఇటూ చాలాసార్లు నొక్కి, ఏది నచ్చిందో చెప్పి కళ్లు తెరవండి. నాలుగైదు పాటల మీద ఇలా చేసినా మీ చెవి తేడా పట్టలేకపోతే ఆ డబ్బు మిగిలినట్లే.

మీ పది వేలలో రీపర్‌కు పన్నుతో కలిపి ఆరేడు వేలు పోతాయనుకుంటే, మిగతాదాన్ని నేనైతే ప్లగిన్ల మీద పెట్టను. ర్యామ్‌ను 16 జీబీకి పెంచడం మీద పెడతాను. రికార్డు చేసిన శబ్దాలతో పలికే, స్పిట్‌ఫైర్ వారి ల్యాబ్స్ వంటి ఉచిత వాద్యాలే మీ లాప్‌టాప్‌ను ఊపిరాడనివ్వకుండా చేయగలవు.

ప్రశ్న: తగ్గింపులో వీణ, నాదస్వరం శబ్దాల సంపుటి ఒకటి కొన్నాను. ఉచితంగా దొరికే కాంటాక్ట్ ప్లేయర్‌లో తెరిస్తే పావుగంట వాయించగానే ఆగిపోతోంది. నేను మోసపోయానా?
– డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: మోసం కాదు, బాబూ, ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం మీ కంటపడలేదు. కాంటాక్ట్ కోసం తయారయ్యే సంపుటాలు రెండు రకాలు. ఒక రకం ఉచిత ప్లేయర్‌లోనే పూర్తిగా పనిచేస్తాయి. వాటి తయారీదారులు అందుకోసం కాంటాక్ట్‌ను తయారుచేసే నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థకు రుసుము కట్టి ఉంటారు. రెండో రకానికి డబ్బు పెట్టి కొనే పూర్తి కాంటాక్ట్ కావాలి, ప్లేయర్‌లో అవి పదిహేను నిమిషాలే పలుకుతాయి. 20 డాలర్ల సంపుటి కోసం వందల డాలర్ల కాంటాక్ట్ కొనవలసి రావడం చూస్తే, అది ఎంత చవకో మీరే లెక్క వేసుకోగలరు. పూర్తి కాంటాక్ట్ కూడా అప్పుడప్పుడు తగ్గింపులోకి వస్తుంది, అప్పటిదాకా ఆ సంపుటిని అలాగే ఉంచండి. సీరియల్ నంబరు చేతికి వచ్చాక డబ్బు తిరిగి ఇచ్చేవారు తక్కువే అయినా, అమ్మినవారికి మర్యాదగా ఒక మెయిలు రాసి చూడడంలో తప్పు లేదు. ఈలోగా కాంటాక్ట్ లాంటిదే అయినా ఉచితమైన డీసెంట్ శాంప్లర్‌ను ఎక్కించుకుని, పియానోబుక్ వెబ్‌సైటులో ఔత్సాహికులు రికార్డు చేసి పంచిన వాద్యాలతో సాధన సాగించండి.

ఇకముందు మన వాద్యాల సంపుటి కొనేటప్పుడు ఇంకొక పరీక్ష చేయండి. ప్రదర్శన కోసం పెట్టిన పాటల్లో అన్నీ సినిమా నేపథ్య సంగీతంలా నిండుగానే వినిపిస్తాయి. తయారీదారు పెట్టిన వీడియోల్లో ఒంటరి స్వరం వాయించిన చోటు వెతికి, గమకం ఎలా వచ్చిందో వినండి. తోడి గాంధారం ఊగవలసిన చోట స్వరం నిటారుగా నిలబడి ఉంటే, కీబోర్డు మీద స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రాన్ని ఎంత తిప్పినా వీణ పలుకదు.

ప్రశ్న: 50 డాలర్ల సాఫ్ట్‌వేరు కొనబోతే ముందు కార్డు పనిచేయలేదు. బ్యాంకుకు వెళ్లి సరిచేయించుకున్నాక బిల్లు 61 డాలర్లు దాటింది. ఎందుకిలా?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి, మనమే తెరుచుకోవాలి. మీరు బ్యాంకు దాకా వెళ్లనక్కర లేదమ్మా. మొబైల్ యాప్‌లోనే ఆ మీట ఉంటుంది. కొనుగోలు పూర్తయ్యాక మళ్లీ మూసేయండి.

ఇక బిల్లు. విదేశీ సంస్థ మన దేశంలో వినియోగదారుకు సాఫ్ట్‌వేరు అమ్మితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. ప్రకటనలో కనిపించని ఆ 9 డాలర్లు చివరి పేజీలో చేరి 50 కాస్తా 59 అవుతుంది. దాని మీద బ్యాంకు విదేశీ మారకపు రుసుము రెండు నుంచి మూడున్నర శాతం దాకా, ఆ రుసుము మీద మళ్లీ జీఎస్టీ. మూడున్నర శాతం లెక్కన మొత్తం దాదాపు 61 డాలర్ల 44 సెంట్లకు చేరుతుంది. మీ బిల్లులో పొరపాటేమీ లేదు. బ్యాంకును బట్టి ఆ రుసుము మారుతుంది కనుక ఇంట్లో రెండు కార్డులుంటే తక్కువ ఉన్నది వాడండి.

ప్రశ్న: తెలిసిన ఒక కుర్రవాడు వెయ్యి రూపాయలకే అన్ని ప్లగిన్లూ ఉన్న పెన్‌డ్రైవ్ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
– మండపేట

జవాబు: వద్దు. అవి తాళం పగలగొట్టిన నకళ్లు. వాటితో పాటు లాప్‌టాప్‌లోకి ఏమి దూరుతుందో ఇచ్చిన కుర్రవాడికీ తెలియదు. చవకగా కావాలంటే సక్రమమైన పాత లైసెన్సులు కొనవచ్చు. బదిలీకి చాలా సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని రుసుము తీసుకుంటాయి. అయితే వస్తువుతో పాటు ఉచితంగా వచ్చినవాటిని, విద్యార్థి ధరకు కొన్నవాటిని సాధారణంగా బదిలీ చేయనివ్వరు. కాబట్టి డబ్బు ఇచ్చే ముందు సంస్థకే రాసి అడగండి.

ప్రశ్న: మా యువజన గాయక బృందం పాటలకు చెల్లెలు సాహిత్యంతో వీడియోలు, పోస్టర్లు చేస్తుంది. అడోబీ సాఫ్ట్‌వేరు నెలవారీ చందా తగ్గింపులో ఉందని, కట్టమని అడుగుతోంది. కట్టమంటారా?
– నరసాపురం

జవాబు: 'నెలకు ఇంత' అని కనిపించేది చాలాసార్లు ఏడాది ఒప్పందమే. మొదటి రెండు వారాలు దాటాక మధ్యలో మానుకుంటే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టవలసి వస్తుంది. ఈ రుసుమును స్పష్టంగా చెప్పడం లేదన్న ఆరోపణతో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మేరకు అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో ఆ సంస్థ మీద దావా వేసింది కూడా. వీడియోలకు డావించి రిజాల్వ్ ఉచిత సంచిక మీకు ధారాళంగా సరిపోతుంది. దాని స్టూడియో సంచిక ఒకసారి కట్టే 295 డాలర్లది, దాని అవసరం మీకు ఇప్పుడప్పుడే రాదు. పోస్టర్ల కోసం చాలామంది అఫినిటీ పేరు చెబుతారు. కాన్వా సంస్థ దాన్ని 2024లో కొని, 2025 అక్టోబరులో ఉచితం చేసింది.

తెలుగు పని చేసేవారు మాత్రం ఏ సాఫ్ట్‌వేరునైనా ఉచితమని తొందరపడి నేర్చుకోకుండా, ముందు అందులో 'స్తోత్రం', 'రక్షకుడు', 'ఆత్మ' అని యూనికోడ్ ఫాంటుతో టైపు చేసి చూడాలి. ఒత్తులు కింద కూర్చోకుండా పక్కకు విడిపోతే ఆ సాఫ్ట్‌వేరు ఎంత చవకైనా మనకు కొరగాదు. ఇంక్‌స్కేప్‌లో ఆ చిక్కు లేదు, అది ఉచితం కూడా.

ప్రశ్న: మా ఇంటి చుట్టూ రొయ్యల చెరువులే. ఏ పాట రికార్డు చేసినా వెనుక ఏరియేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) మోత వస్తోంది. రికార్డింగులో మోతను శుభ్రం చేసే ఐజోటోప్ ఆర్ఎక్స్ ఎలిమెంట్స్ తగ్గింపులో ఉంది. కొంటే మోత పోతుందా?
– ఆకివీడు

జవాబు: కొంత పోతుంది, మీరు ఆశించినంత పోదు. శబ్దం నమూనాను పట్టి దాన్ని తీసివేసే స్పెక్ట్రల్ డీనాయిస్ పనిముట్టు ఆర్ఎక్స్‌లో స్టాండర్డ్ సంచిక నుంచి మాత్రమే ఉంటుంది, చవకగా దొరికే ఎలిమెంట్స్‌లో ఉండదు. అందులో ఉన్న డీహమ్ మన కరెంటు లైను 50 హెర్ట్జ్ రొదనూ దాని రెట్లయిన 100, 150లనూ తీసేయగలదు. కానీ మీ చెరువుల్లో మోటారు రొద కన్నా రెక్కలు నీటిని చిమ్మే చప్పుడే పెద్దది, అది క్షణానికో తీరుగా మారుతుంటుంది. అటువంటిదాన్ని గట్టిగా తీసివేయబోతే గొంతు కూడా నీళ్లలోంచి వచ్చినట్లు గులగులలాడుతుంది.

డబ్బు ఖర్చు లేని మార్గం మీ ఊరిలోనే ఉంది. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది కనుక ఏరియేటర్లు తెల్లవారేదాకా తిరుగుతాయి. ఎండ కాసే మధ్యాహ్నాల్లో నీటిలోని నాచు సూక్ష్మజీవులే ప్రాణవాయువును ఇస్తాయి కాబట్టి చాలామంది రైతులు చాలా ఏరియేటర్లను ఆపుతారు. కరెంటు పోయినప్పుడు పాడదామని మాత్రం అనుకోకండి. జనరేటర్లు అంతకన్నా పెద్ద గొంతుతో అందుకుంటాయి. మధ్యాహ్నం పూట, చెరువు వైపు కిటికీకి బొంత వేలాడదీసి, మైకు వీపు ఆ కిటికీ వైపు ఉండేలా పెట్టి, నోటికి జానెడు దూరంలో పాడండి. పాట మొదలుపెట్టే ముందు పది సెకన్లు ఎవరూ కదలకుండా గదిని ఊరికే రికార్డు చేయండి. మిగిలిన కాస్త మోతకు ఆ పది సెకన్ల నమూనాను ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులోని నాయిస్ రిడక్షన్‌కు గానీ, రీపర్‌లోని రీఫిర్‌కు గానీ ఇచ్చి, ఆరు నుంచి పది డెసిబెల్స్ దాకా మాత్రమే తగ్గించండి.