నీ పరిచయం అచ్చులో పెట్టే ముందు

అమ్మాయీ,

పాఠకుల కోసం నీ గురించి రాసి పంపిన పరిచయం నిన్న సాయంత్రం ఒకసారి, ఇవాళ పొద్దున్న కాఫీ తాగాక ఇంకోసారి చదివాను. "మాస్టారూ, నాలుగేళ్ళ నుంచి నా కథలు వదలకుండా చదువుతున్నవాళ్ళు నువ్వెవరు, మీదే ఊరు అని అడుగుతున్నారండి. ఏం చెప్పాలో తెలియక ఒకటే టెన్షన్‌గా ఉంది" అని పైన రాశావు. ఆ రెండు మాటలూ చదువుతుంటే నువ్వు ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే ఉంది. కింద పరిచయం మొదలయ్యాక ఆ పిల్ల కనపడకుండా పోయింది. డిగ్రీ ఉంది, వచ్చిన బహుమతులున్నాయి, ఇష్టమైన రచయితల పేర్లున్నాయి.

"మాది కోనసీమలో ఒక వ్యవసాయ కుటుంబం" అన్నావు. నేను అక్కడే ఆగిపోయాను. కిందటేడు నువ్వు రాసిన ఉత్తరం దాచుకున్నాను, వెతికి తీశాను. మీ నాన్న కొబ్బరికాయల ఒలుపుకి వెళ్తారని అందులో రాశావు. నేలలో పాతిన గునపం మీద కాయని పొడిచి, ఒక్క మెలి తిప్పి, పీచు విడదీసి, పిలక మాత్రం ఉంచి పక్కన రాశిలోకి విసురుతారనీ, నువ్వు చిన్నప్పుడు ఆ రాశి పక్కన కూర్చుని కాయలు లెక్కపెడుతూ ఎక్కాలు నేర్చుకున్నావనీ రాశావు. "నాన్న ఎప్పుడూ తెల్లచొక్కాలే కొంటారు, నెల తిరిగేసరికి కొబ్బరి కర పట్టి అన్నీ గోధుమరంగులోకి వస్తాయి, అమ్మ ఎంత ఉతికినా పోదు" అని కూడా రాశావు. ఆ ఉత్తరం రాసిన చెయ్యీ ఈ పరిచయం రాసిన చెయ్యీ ఒకటేనా అనిపించింది నాకు.

మన దగ్గర వ్యవసాయ కుటుంబం అంటే వినేవాడు ముందు ఎకరాలు లెక్కేస్తాడు. తోటలు మీవే అనుకుంటాడు. అలా అనుకోవాలనే నువ్వు ఆ మాట రాశావని నేననను. ఆ మాట చేతికి తేలిగ్గా అందుతుంది, అందరూ రాసేదే, ఎవరూ ఏమీ అడగరు. కానీ ఆ ఒక్క మాటతో మీ నాన్న పని, ఆయన నేర్పు, వెయ్యి కాయలకి ఇంత అని లెక్కగట్టే కూలి, నీ ఎక్కాలు అన్నీ దాక్కుండిపోయాయి. సిగ్గుపడి దాచావో, అలవాటుగా దాచావో నీకే తెలియాలి. ఒకసారి నిదానంగా ఆలోచించు.

నిన్ను ముందుగా అడిగినావిడ కువైట్‌లో ఇంటిపని చేస్తారన్నావు కదా. రాత్రి పనంతా అయ్యాక, పడుకునే ముందు ఫోన్లో నీ కథ చదువుకుంటానని రాశారన్నావు. గోదావరి పాయల మధ్య ఉన్న మన లంక ఊళ్ళ నుంచి అలా వెళ్ళిన ఆడవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆవిడకి నీ డిగ్రీతో ఏం పని చెప్పు? ఇన్నాళ్ళూ తన మనసులో మాట రాస్తున్న ఈ పిల్ల మనవాళ్ళ పిల్లేనా అని తెలుసుకోవాలని ఆవిడ ఆరాటం. గోధుమరంగు చొక్కా గురించి చదివితే ఆవిడకి వెంటనే తెలిసిపోతుంది. తన ఇంట్లోనూ దండెం మీద అలాంటి చొక్కా ఒకటి ఆరి ఉంటుంది.

ఇంకో మాట. "గోదావరి ఒడ్డున పుట్టి పెరిగాను" అన్నావు. నేను కూడా ఏళ్ళ తరబడి ఇదే మాట రాశాను. ఒకాయన ఉత్తరం రాసి "ఏ పాయండీ?" అని అడిగేదాకా నాకు తట్టలేదు. ధవళేశ్వరం ఆనకట్ట దిగాక గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. పి. గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. యానాం వైపు గౌతమి పక్కన పెరిగిన పిల్ల చూసిన ఏరు వేరు, నువ్వు చూసిన వైనతేయ వేరు. నువ్వు కాలేజీకి వెళ్ళిన దారిలో కింద ఏరు, ఆ ఏటి మీద వంతెనలా కట్టిన అక్విడెక్టులో కాలవ నీళ్ళు వెళ్తుంటాయి. నీళ్ళ మీద నీళ్ళు నడవడం రోజూ చూస్తూ పెరిగినదానివి, అది వదిలేసి ఒడ్డున పుట్టాను అంటే ఎలా? ఒక్క వాక్యం చాలు. బస్సు కిటికీలోంచి చూసింది చూసినట్టు రాయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నువ్వు చెయ్యకూడదని చెబుతున్నాను.

1986 ఆగస్టు వరదప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రేడియోలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చెప్తుంటే ఊరంతా గుమిగూడి వినేవాళ్ళం. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇది మా చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. ఆ ఏడు 24 అడుగులు దాటింది. 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిందన్నారు. చాలా ఏళ్ళ తర్వాత నా గురించి రాస్తూ "మెడలోతు నీళ్ళలో నడుచుకుంటూ బయటపడ్డాను" అని రాశాను. నేను నడవలేదు. నీళ్ళు రాకముందే మా నాన్న మమ్మల్ని ఏటిగట్టు మీదికి చేర్చారు. మూడు రోజులు గట్టు మీదే ఉన్నాం.

ఆ వరదప్పుడు మా లంకలోనే ఉన్న ఒక పెద్దాయన అది చదివి ఉత్తరం రాశారు. "బాబూ, ఆ వేళ ఆ వడిలో మోకాటిలోతులోనే మనిషి కాలు నిలవలేదు, మెడలోతులో ఎలా నడిచావు? మా తమ్ముడు నడుంలోతులోనే పోయాడు" అని. ఆ కార్డు చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆయనకి జరిగిన నష్టాన్ని నేను నా గొప్పకి వాడుకున్నాను. ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమన్నాను. మళ్ళీ అచ్చయినప్పుడు ఆ వాక్యం తీసేశాను. మన గురించి చదివేవాళ్ళు దూరంగా ఎక్కడో ఉన్నారనుకుంటాం. మనం ఏ రోజు గురించి రాస్తామో ఆ రోజున అక్కడే, ఆ నీళ్ళలోనే ఉన్నవాళ్ళు వాళ్ళలో ఉంటారమ్మా.

నిజంగా నాకు జరిగింది ఇది. నీళ్ళు తీశాక ఇంటికొచ్చి చూస్తే గచ్చు మీద జానెడు ఒండ్రు. నా నోటు పుస్తకాలు దాచుకున్న రేకుపెట్టె దానిలో కూరుకుపోయి ఉంది. పుస్తకాలన్నీ ఒకే ఇటికలా అంటుకుపోయాయి. అరుగు మీద కూర్చుని ఒక్కో కాగితం విడదీశాను. సగం ముక్కలయ్యాయి. మిగిలిన వాటి మీద సిరా పాకిపోయి అక్కడక్కడ ఒక్కో అక్షరం ఉంది. ఆ అక్షరాలు పట్టుకుని, అక్కడ ఏం రాశానో గుర్తు తెచ్చుకుంటూ కొత్త పుస్తకంలో మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. గుర్తు రానిచోట తోచింది రాశాను. నేను కథలు రాయడం అలా మొదలైంది. దీన్ని వదిలేసి లేని మెడలోతు నీళ్ళు ఎందుకు తెచ్చానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. జరిగింది చిన్నదిగా ఉందని భయపడ్డానేమో.

నీకూ ఆ భయం ఉంది. అందుకే బహుమతుల జాబితా అంత పొడుగుంది.

మీ ఇంటి కథ చిన్నదేం కాదు, కూడి చూసుకో. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కోనసీమలో తోటలకి తోటలు నేలకొరిగాయి. కాయ లేనప్పుడు ఒలుపు ఎక్కడుంటుంది? మీ నాన్న హైదరాబాద్ వెళ్ళి సెంట్రింగ్ పని చేశారని ఉత్తరంలో ఒక్క ముక్క రాసి వదిలేశావు. కొత్తగా పెట్టిన మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఆ మొక్కలు కాపుకి వచ్చే రోజుల్లోనే ఆయన ఊరికి తిరిగొచ్చారు, అప్పుడే నువ్వు పుట్టావు. నీ పుట్టుకనీ ఆ చెట్ల కాపునీ ఒకచోట పెట్టి చూశావా ఎప్పుడైనా? మన ఊళ్ళలో ఇప్పటికీ "తుఫాను ముందు, తుఫాను తర్వాత" అనే లెక్క చెప్తారు. సంవత్సరాలు మీ నాన్ననే అడిగి సరిచూసుకో. నీ అంచనా మీద రాయకు.

రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ రోజుల్లో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చి వండిపెట్టారని చెప్తారు. తేదీ నేను పరీక్ష కోసం బట్టీపట్టాను. ఆ బిందె మాత్రం ఒక్కసారి విన్నాను, ఇప్పటిదాకా మర్చిపోలేదు. నీ పరిచయంలో అలాంటి బిందె ఒక్కటి కావాలి. నీకు ఆ గునపం ఉంది.

ఇంక ఇంట్లోవాళ్ళ సంగతి. ఇది అన్నిటికన్నా ముఖ్యం అనుకుంటాను. మీ అక్క సంబంధం తప్పిపోయిన విషయం నాలుగు లైన్లు రాశావు, పేరు లేకుండా. పేరు లేకపోతే ఏం, మీ ఊళ్ళో ఎవరికి తెలియదు? నువ్వు పెట్టిన గంటకి అది మీ వీధి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. సాయంత్రానికి మీ అక్క అత్తవారింట్లో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. ఆ కథ మీ అక్కది. ఎప్పుడైనా చెప్పుకోవాలనిపిస్తే తనే చెప్పుకుంటుంది. ఆ నాలుగు లైన్లూ తీసెయ్యి, రెండో ఆలోచన వద్దు. అమ్మ ఆరోగ్యం గురించి రాసింది కూడా అమ్మని అడగకుండా ఉంచకు. ఇంటి నెంబరు, వీధి, రోజూ ఎక్కే బస్సు టైము కూడా వద్దు. పాయ పేరు చెప్పు, మండలం చెప్పు, చాలు. ఆడపిల్లవి, ఒక్కదానివే తిరుగుతుంటావు. ఎంత అభిమానించే పాఠకులైనా అంతకన్నా తెలియక్కర్లేదు.

చివర్లో "ఏవైనా తప్పులుంటే మన్నించండి, నేనింకా నేర్చుకుంటున్నాను" అన్నావు. నాలుగేళ్ళు నిన్ను చదివినవాళ్ళకి ఆ మాట చెప్పనక్కర్లేదు. అదీ తీసెయ్యి. జీవితమంతా ఒకే విడతలో చెప్పేయాలని కూడా పెట్టుకోకు. హైదరాబాద్ సంగతులు ఇంకోసారికి ఉంచు. ఇప్పటికి ఒలుపు రాశి పక్కన కూర్చున్న ఆ పిల్లని చూపించు.

రాశాక ఎవరికీ పంపకముందు మీ నాన్నకి చదివి వినిపించు. రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, మెల్లగా చదువు. ఆయన ఏదైనా వద్దంటే ఎందుకని అడక్కుండా కొట్టెయ్యి. ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోతే కంగారు పడకు, పొద్దున్న మళ్ళీ అడుగు.

ఆ తర్వాత నాకు పంపు. అన్నట్టు, గునపం ఎంత పొడుగుంటుందో, నేలలోకి ఎంత దించుతారో ఉత్తరంలో నువ్వు రాయలేదు. నాన్నని అడిగి అది కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు