మీకది పుట్టిల్లు, మరి ఆయనకు?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 32 ఏళ్ళు. పెళ్ళికి ముందు, 2018లో, స్కాట్లండ్‌లో ఆబర్డీన్ దగ్గర ఉన్న న్యూటన్ డీ అనే క్యాంప్‌హిల్ సముదాయంలో ఏడాది వాలంటీరుగా ఉన్నాను. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళతో ఒకే ఇంట్లో ఉండి, వాళ్ళతోనే తిని, బేకరీలో పనిచేశాను. అంత సంతోషంగా ఎప్పుడూ లేను. పెళ్ళై మూడేళ్ళయింది. వచ్చే వేసవిలో మావారితో పది రోజులు వెళ్ళిరావాలని డబ్బు దాచాను. ఆయనేమో ‘ఆడికొచ్చి నేనేం చేయల్ల? మీరూ మీరూ మాట్లాడుకుంటాంటే నేను గోడకు ఆనుకోని నిలబడల్లా?’ అంటున్నారు. ఇంటిపని దగ్గర గొడవైనప్పుడు ‘అక్కడ మగవాళ్ళూ గిన్నెలు కడిగేవాళ్ళు’ అంటే ఆయనకు మండుతుంది. ఒక్కదాన్నే వెళ్ళనా?
– ఒక సోదరి

జవాబు: ‘అంత సంతోషంగా ఎప్పుడూ లేను’ అని రాసి, ఆ వెంటనే పెళ్ళై మూడేళ్ళయిందని రాశారు. కావాలని పక్కపక్కన పెట్టి ఉండరు. కానీ ఇదే మాట ఏదో ఒక రూపంలో ఆయన చెవిన పడుతూనే ఉన్నట్టుంది. గిన్నెల సంగతే చూడండి. ఆయన కడగాల్సిందే, అందులో నేను మీ పక్షం. అయితే ‘నాకు ఓపిక లేదు, ఈ పూట మీరు కడగండి’ అంటే సరిపోయేదానికి స్కాట్లండ్‌ను సాక్ష్యానికి పిలిచారు. మగవాడికి సవతి ఉంటుందో లేదో గానీ, చూడకముందే ఆ ఊరు ఆయనకు అలాంటిదే అయింది.

మీకది పుట్టిల్లు లాంటిది. మామూలుగా అల్లుడు అత్తారింటికి వెళితే మర్యాదలుంటాయి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి బావమరిది ఉంటాడు. అక్కడ ఆయనకు ఆ రెండూ లేవు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థను చూడటానికి స్పెయిన్ నుంచి మన జిల్లాకు వచ్చేవాళ్ళను మీరూ చూసే ఉంటారు. తాము సాయం చేసే పాపను చూసి భార్య కళ్ళు తుడుచుకుంటుంటే, భర్త ఎటు చూడాలో తెలియక ఫోన్ తీసిన సందర్భం నేనొకటి చూశాను. అతనికి ప్రేమ లేక కాదు, ఆ కథలో అతను లేడు, అంతే.

‘ఏదో ఒక పనిలో పెడితే సరి’ అనుకోకండి. విజిటర్ వీసా మీద నమోదైన చారిటీలో 30 రోజులకు మించకుండా వాలంటీరు పని చేయవచ్చు. కానీ అక్కడ మేధో వైకల్యం ఉన్నవాళ్ళ సంరక్షణ చూసేవారికి, నేరచరిత్ర లాంటివి చూసే పీవీజీ అనే తనిఖీ ఉంటుంది. పది రోజుల అతిథి కోసం అదంతా ఎందుకు? బస ఆబర్డీన్‌లో పెట్టుకోండి. న్యూటన్ డీ కేఫేకి బయటివాళ్ళూ వెళ్ళవచ్చు కదా, మీవాళ్ళను మొదట అక్కడే పరిచయం చేయండి. చేతిలో టీ కప్పు ఉంటే ఎవరికైనా బెరుకు తగ్గుతుంది. ఒకట్రెండు రోజులు పూర్తిగా ఆయనవి. గుత్తి కోట ఎక్కిన కాళ్ళయితే స్టోన్‌హేవెన్ దగ్గర సముద్రం మీదకు పొడుచుకొచ్చిన కొండపై డనాటర్ కోట చూపించండి. జూన్‌లో అక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది, మన ఎండ ఉండదు. వీసాకు ఎవరి దరఖాస్తు వాళ్ళే వేయాలి. వేలిముద్రలకు బెంగళూరు వెళ్ళొచ్చు.

మీ గురించి కూడా ఒకటి చెప్పాలి. అక్కడ వాలంటీర్లు వస్తుంటారు, పోతుంటారు. ఉండిపోయేది ఆ ఇంటివాళ్ళే. ఎంతమందికి వీడ్కోలు చెప్పి ఉంటారో! అందుకే ముందుగా ఉత్తరం రాసి, ఏ తేదీన వస్తారో, ఏ తేదీన వెళ్ళిపోతారో స్పష్టంగా చెప్పండి. ‘మళ్ళీ వస్తా’ అని నోరు జారకండి. మీరు ప్రాణంగా చూసుకున్న మనిషి మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. బేకరీలో మీ చోట ఇంకెవరో పిండి కలుపుతుంటారు. అలాంటి సాయంత్రం గేటు దాటి బయటికొచ్చినప్పుడు, ఇప్పటి మీరు ఎవరో తెలిసిన మనిషి పక్కనుంటే బాగుంటుంది. ఆయన రావాల్సింది అందుకు. ఈ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా? ‘మీరు రావాలి’ అనడం వేరు, ‘నాకు భయంగా ఉంది, తోడు రండి’ అనడం వేరు.

అయినా రానంటే అలగకుండా ఒక్కరే వెళ్ళండి. పది రోజులకే సంసారం ఏమీ కాదు. తిరిగొచ్చాక మాత్రం ‘అక్కడైతే’ అని మొదలుపెట్టకండి.

అన్నట్టు, మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా పల్లీ చిక్కీలు మోసుకెళతారు. ఆ ఇంట్లో వేరుశనగ పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ముందే అడిగి, ఆ తర్వాత పెట్టె సర్దండి.