పాస్టరు గారిని పిలవాలా, పెద్దలను పెట్టుకోవాలా? మా బెంగళూరు సంఘం అనుభవం

వందనాలు. వైట్‌ఫీల్డ్ దగ్గర ఇరవై అయిదు తెలుగు కుటుంబాలు ఇళ్లలో కూడుకుంటున్నామని, ఇప్పుడు హాలు తీసుకుని ఊరి నుంచి పాస్టరు గారిని పిలవాలా, లేక మీలోనే కొందరిని పెద్దలుగా పెట్టుకోవాలా, ఏది వాక్యానుసారమని అడిగారు. ఇదే విషయంలో మేం మూడేళ్లు నలిగాం, అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో రెండు పద్ధతులూ ఉన్నాయి. నాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చినప్పుడు మొదలైన మిషన్ అది. మాకు పాస్టరు గారంటే పైనుంచి వచ్చే మనిషి, వేసేదీ పైవాళ్లే, బదిలీ చేసేదీ పైవాళ్లే. నా భార్యది హెబ్రోను సహవాసం. భక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టిన ఆ సంఘాల్ని పెద్దలు నడిపిస్తారు, సేవకులకు నెల జీతమంటూ ఉండదు, ఆరాధనలో సహోదరులు ఒక్కొక్కరే లేచి ప్రార్థిస్తారు. పెళ్లైన కొత్తలో అక్కడ కూర్చుని, ప్రసంగం ఇంకా మొదలుపెట్టరేంటి అని వాచీ చూసుకునేవాణ్ణి.

వాక్యంలో చూస్తే అపొస్తలుల కార్యములు 14:23లో ప్రతి సంఘానికీ పెద్దలను ఏర్పరచారు, ఒక పెద్దను కాదు. ఫిలిప్పీ 1:1లో అధ్యక్షులు, పరిచారకులు అన్నదీ బహువచనమే. అలాగని సేవ చేసేవాడికి పోషణ ఇవ్వొద్దని కాదు, 1 తిమోతి 5:17, 18 ఇవ్వమనే చెబుతుంది. కాబట్టి పాస్టరు గారు ఉండొచ్చు, ఒక్కరే ఉండకూడదు. మా మొదటి పాస్టరు గారి రోజుల్లో కానుకలన్నీ ఆయన సొంత ఖాతాలో పడేవి. తినేశారని నేను అనను. కానీ లెక్క అడిగిన ఒక అన్నను ‘దైవజనుడి మీద నోరెత్తావు’ అన్నారు, ఆ తర్వాత ఏడు కుటుంబాలు రావడం మానేశాయి. ఇప్పుడు ఆరాధన అవగానే అందరి ముందే, ఒకరికొకరు చుట్టాలు కాని ఇద్దరు లెక్కపెట్టి మొత్తం బోర్డు మీద రాస్తారు. మీరు మొదటి వారం నుంచే అలా చేయండి, తర్వాత మొదలుపెడితే ఎవరినో అనుమానించినట్టు ఉంటుంది.

పాస్టరు గారు వెళ్లిపోయాక అయిదుగురు పెద్దలను పెట్టుకున్నాం. అసలు కథ అక్కడ మొదలైంది. అయిదుగురమూ సాఫ్ట్‌వేర్ వాళ్లమే. నలుగురిది ఒకే జిల్లా (ఇంకా ఏమేం ఒకటో మీకు చెప్పక్కర్లేదు). సంఘంలో సగంమంది మాత్రం కర్నూలు, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు, ఇళ్లలో పనిచేసే అక్కలు. కూటం ఎన్నింటికి, సాయం ఎవరికి అన్నవన్నీ రాత్రి పదింటికి మా వాట్సాప్ గ్రూపులో తేలిపోయేవి.

ఒక ఆదివారం ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనం, పెట్టాం. ఆ రోజే సైటులో స్లాబ్ పోస్తున్నారు, స్లాబ్ మొదలైతే మధ్యలో ఆపరు కదా. మేస్త్రీ అన్న, ఆయనతోపాటు పదిహేనుమంది స్నానాలు చేసి పిల్లల్ని తీసుకుని వచ్చేసరికి రెండయింది. డేగిసా అడుగున మసాలా అన్నం, పెరుగు పచ్చడి మిగిలాయి. ఆయన ‘పర్లేదు బ్రదర్’ అని ఆ అన్నమే పిల్లలకు పెట్టించాడు.

ఆ రాత్రి నా భార్య 1 కొరింథీ 11 తీసి నా ముందు పెట్టింది. ప్రభు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు, మనం ఎప్పుడూ ‘తన్ను తాను పరీక్షించుకోవాలి’ అన్న వచనమే చదువుతాం. దాని చుట్టూ ఉన్న గొడవంతా తిండి గురించే. ఉన్నవాళ్లు ముందే తినేస్తున్నారు, లేనివాళ్లు ఆకలితో కూర్చుంటున్నారు. 33వ వచనంలో పౌలు చెప్పింది ‘ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి’ అని. మేం పన్నెండుంబావుకే మూత తీశాం.

తర్వాత అపొస్తలుల కార్యములు 6 కూడా చదువుకున్నాం. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజూ జరిగే పంపకంలో పట్టించుకోవడం లేదని సణుగు వచ్చింది. అప్పుడు ఎన్నుకున్న స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఏడుగురివీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిన వైపు నుంచే మనుషుల్ని తీసుకున్నారని నాకనిపిస్తుంది.

మేమూ అదే చేశాం. ఇద్దరం దిగిపోయాం, అందులో నేనొకణ్ణి. మేస్త్రీ అన్న, సెక్యూరిటీ పని చేసే ఇంకో అన్న పెద్దలయ్యారు. మేస్త్రీ అన్నకు పీపీటీ రాదు, ప్రసంగం పది నిమిషాలు దాటదు. కానీ ఎవరి పిల్లకు జ్వరం, ఎవరి కూలి డబ్బు కాంట్రాక్టరు ఎగ్గొట్టాడు, ఎవరు మళ్లీ తాగుడు మొదలుపెట్టారు అన్నీ ఆయనకే తెలుసు. నేను పెద్దగా ఉన్న రెండేళ్లలో వీటిలో ఒక్కటీ నా దాకా రాలేదు. ఈ మార్పు నచ్చక ఒక కుటుంబం ఏసీ హాలున్న వేరే చర్చికి వెళ్లిపోయింది. సరే.

ప్రభు బల్లను ఆదివారం సాయంత్రం ఆరున్నర కూటానికి మార్చాం, పనివాళ్లు అప్పుడైతే వస్తారు. బుధవారం ఇళ్లలో కూడిక, వారానికొక ఇల్లు, కూలీలు ఉండే షెడ్లు కూడా ఆ వంతులో ఉన్నాయి. హాలుకు తొందరపడకండి. అద్దె, సౌండ్ సిస్టమ్ భారం పడ్డాక ప్రతి ప్రసంగమూ దశమభాగం (సంపాదనలో పదోవంతు కానుక) దగ్గరే తేలుతుంది, మాకు అలాగే అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోండి. కర్ణాటకలో 1960 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు దాఖలు చేయాలి, ఆ టెన్షన్ ఉండటమే మంచిది.

పెద్దల్లో అక్కలు ఉండొచ్చా అన్నది మేమింకా తేల్చుకోలేదు. జబ్బుపడ్డవాళ్ల జాబితా, సాయం డబ్బు ముగ్గురు అక్కల చేతిలోనే నడుస్తున్నాయి, పేరు మాత్రం ‘స్త్రీల కూడిక కమిటీ’. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు 2013లోనే నంద్యాలకు పుష్పలలిత గారిని బిషప్పుగా చేశారు. రోమా 16:1లో ఫీబే కెంక్రేయ సంఘ పరిచారకురాలని నా భార్య గుర్తుచేస్తూనే ఉంటుంది, అది కూడా వాళ్ల హెబ్రోనులో పెరిగి! వచ్చే నెల దీని మీద మళ్లీ కూర్చుంటున్నాం, ఈసారి అక్కల్ని కూడా పిలిచాం.