ఒక్క తొండికి ఎన్ని పేరాలు?

తమ్ముడూ,

ఉరుగ్వే ఫుట్‌బాల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చెయ్యి తిరుగుతోంది నీకు. వాక్యం పొట్టిగా పడుతోంది, ఆటని కళ్లారా చూసినవాడి రాతలా ఉంది. మెచ్చుకోలు ఇంతటితో సరిపెట్టి పేచీలోకి వస్తాను. బాగుందని చెప్పడానికి నీకు స్నేహితులున్నారు కదా.

వ్యాసంలో సగానికి పైగా 2010 జూలై 2 రాత్రికే ధారపోశావు. జోహన్నెస్‌బర్గ్‌లో ఘానా, ఉరుగ్వేల ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్, స్కోరు 1–1, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాలు. డొమినిక్ అడియా తలతో కొట్టిన బంతి గోల్‌లోకి పోతుంటే, గీత మీద నిలబడ్డ సువారెజ్ చేతులతో నెట్టేశాడు. ఆఫ్రికా ఖండం కలని కొట్టేసిన దొంగ అని మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పి, తర్వాత సాక్ష్యాలు వెతుక్కున్నావు. లివర్‌పూల్‌కి 2013–14 లీగ్‌లో కొట్టిన 31 గోల్స్, బార్సిలోనాకి కొట్టిన 198, ఉరుగ్వేకి 2011 కోపా అమెరికా తెచ్చిపెట్టిన ఆట, అన్నీ కలిపి ఒక్క పేరాలో చుట్టేశావు. "ఒక్క తొండికి మనిషి పేరంతా పోవాలా?" అని ఉత్తరంలో నన్నడిగావు. వ్యాసంలో ఆ ప్రశ్న ఎక్కడుంది? జవాబు ఒక్కటే ఉంది, అదీ ముందుగానే.

పాఠకుడికి నువ్వు సగం మింగేసి చెప్పిన సంగతి ఒకటుంది. రెఫరీ ఆ చేతిని చూశాడు. రెడ్ కార్డు చూపించి సువారెజ్‌ని బయటికి పంపాడు, ఘానాకి పెనాల్టీ ఇచ్చాడు. అసమోవా జ్యాన్ తన్నిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి పైకి పోయింది. షూటౌట్‌లో ఉరుగ్వే 4–2తో నెగ్గింది. నియమాల్లో ఆ తప్పుకి ఏ శిక్ష రాసుందో అది అక్షరాలా పడింది. సువారెజ్ సెమీఫైనల్ ఆడలేదు, ఉరుగ్వే నెదర్లాండ్స్ చేతిలో 3–2తో ఓడింది.

ఆ శిక్ష చాల్లేదంటావా, వింటాను. రగ్బీలో ఖాయంగా పడే ట్రైని (అక్కడ గోల్ లాంటిది) తప్పుడు ఆటతో ఆపితే పెనాల్టీ ట్రై ఇచ్చేస్తారు, పాయింట్లు వచ్చేసినట్టే. ఫుట్‌బాల్‌లో మాత్రం గోల్‌ని చేత్తో ఆపినా, ఆపినవాడి జట్టుకి ఇంకో ఆశ మిగిలే ఉంటుంది. ఆ బేరం గిట్టుబాటుగా ఉంచింది నియమాలు రాసినవాళ్లు. నీ కోపంలో కొంత వాళ్లకీ పంచు.

ఇప్పుడు ఫ్రాన్స్ ఆటగాడు హెన్రీ దగ్గరికి రా. 2009 నవంబర్ 18, పారిస్ శివారులోని స్టాడ్ ద ఫ్రాన్స్. 2010 ప్రపంచకప్‌కి ఫ్రాన్స్, ఐర్లాండ్‌లలో ఎవరు వెళ్లాలో తేల్చే ప్లేఆఫ్, రెండు మ్యాచ్‌లలో రెండోది. అంతకుముందు డబ్లిన్‌లో ఫ్రాన్స్ 1–0తో గెలిచింది. ఇక్కడ రాబీ కీన్ గోల్‌తో ఐర్లాండ్ లెక్క సమం చేసి ఆటని ఎక్స్‌ట్రా టైమ్‌కి లాక్కెళ్లింది. 103వ నిమిషంలో, బయటికి పోబోయే బంతిని థియరీ హెన్రీ చేత్తో ఆపాడు, మళ్లీ చేత్తోనే కాలి ముందుకి దించుకున్నాడు, గోల్ ముందున్న విలియం గల్లాస్‌కి అందించాడు. గల్లాస్ తలతో లోపలికి కొట్టాడు. స్వీడన్ రెఫరీ మార్టిన్ హాన్సన్‌కి ఆ చెయ్యి కనబడలేదు. కార్డు లేదు, పెనాల్టీ లేదు, ఫ్రాన్స్ దక్షిణాఫ్రికా విమానం ఎక్కింది. మ్యాచ్ మళ్లీ ఆడించమని ఐర్లాండ్ అడిగితే ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా కుదరదంది. అదే ఫిఫా ఐరిష్ ఫుట్‌బాల్ సంఘానికి 50 లక్షల యూరోలు ముట్టజెప్పిన సంగతి 2015లో బయటపడింది. హెన్రీ మీద క్రమశిక్షణ చర్యకి మాత్రం నియమాల్లో ఆధారం లేదన్నారు.

తూకం వేసి చూస్తే హెన్రీ తొండే బరువైనది. పట్టుబడలేదు, శిక్ష పడలేదు, ఫలితం నిలిచిపోయింది. అయినా రెండేళ్లు తిరిగేసరికి, 2011లో, లండన్‌లో ఆర్సెనల్ స్టేడియం బయట అతని విగ్రహం లేచింది. ఆ క్లబ్బుకి 228 గోల్స్ కొట్టినవాడికి విగ్రహం పెట్టొద్దని నేననను. ఒకరి పేరు అలా నిలబడటానికీ, ఇంకొకరి పేరు ఇలా మసిబారడానికీ కారణం ఆ చేతుల్లో లేదని మాత్రం అంటాను. మరి ఎక్కడుంది? నీ వ్యాసం వెతకాల్సింది దాన్ని.

హెన్రీ ఆ రాత్రే ఒప్పుకున్నాడు, చేతికి తగిలిందని, కానీ తను రెఫరీని కాదని. తర్వాత, మళ్లీ ఆడించడమే న్యాయమైన దారి అన్నాడు. (ఫిఫా కుదరదని తేల్చేశాక అన్నాడనుకో. ఆ మాటకి ఖర్చేమీ కాలేదు.) సువారెజ్ అలా కాదు. జ్యాన్ పెనాల్టీ బార్‌కి తగలగానే మైదానం అంచున ఎగిరి గంతేశాడు. అసలైన "దేవుడి చెయ్యి" ఇక నాదేనన్నట్టు మాట్లాడాడు (ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో కింద చెబుతాను). పన్నెండేళ్ల తర్వాత 2022లో మళ్లీ ఘానాతో ఆడబోయే ముందు విలేకరులు అడిగితే, క్షమాపణ చెప్పనన్నాడు, పెనాల్టీ పోగొట్టింది నేను కాదుగా అన్నాడు. న్యాయశాస్త్రం ప్రకారం ఆ వాదనలో తప్పు పట్టలేం. వినడానికి మాత్రం చేదు.

ఇంకో ముఖ్యమైన కారణం నువ్వు తారీఖులు పక్కపక్కన పెట్టుకుని ఉంటే నీకే దొరికేది. సువారెజ్ ప్రత్యర్థుల్ని కొరికిన సంఘటనలు మూడు: 2010 నవంబర్‌లో బక్కాల్‌ని, 2013లో ఇవానోవిచ్‌ని, 2014 ప్రపంచకప్‌లో కియెల్లినిని. ప్రత్యర్థి జట్టు ఆటగాడు పాట్రిస్ ఎవ్రాని జాతి పేరుతో దూషించినందుకు ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం 2011 డిసెంబర్‌లో పడింది. ఇవన్నీ ఘానా మ్యాచ్ తర్వాతివే. ఆ జూలై రాత్రికి సువారెజ్ వయసు 23, అతని పేరు మీద ఇవేవీ లేవు. తర్వాత చేసినవాటి మచ్చని మనం వెనక్కి తీసుకెళ్లి ఆ చేతికి పూశాం. నన్నడిగితే, అతన్ని దేనితోనైనా కొలవాలనుకుంటే ఎవ్రాతో జరిగినదాన్నీ ఆ కొరకడాలనీ పట్టుకో. బంతిని ఆపిన చెయ్యి వాటి ముందు చిన్నది. గోల్ పోతుంటే రెప్పపాటులో చెయ్యి లేవడం వేరు, ఎదుటి మనిషి ఒంటి రంగుని ఆయుధం చేసుకోవడం వేరు.

ఒక్క పనితో మనిషి పేరంతా కొట్టుకుపోవడం ఎప్పుడూ అన్యాయమే అనుకుంటున్నానని అపార్థం చేసుకోకు. రోబెర్తో రోజాస్ సంగతి విన్నావో లేదో. చిలీ గోల్‌కీపర్, కెప్టెన్. 1989 సెప్టెంబర్ 3న మరకానాలో బ్రెజిల్‌తో ప్రపంచకప్ అర్హత మ్యాచ్, చిలీ 1–0తో వెనకబడి ఉంది. ప్రేక్షకుల్లోంచి మండుతున్న ఫ్లేర్ ఒకటి వచ్చి పడింది. పొగలో రోజాస్ ముఖమంతా రక్తంతో కింద పడి ఉన్నాడు. చిలీ జట్టు అతన్ని మోసుకుని మైదానం వదిలిపోయింది. ఫోటోలు బయటికొచ్చాక తేలింది, ఆ ఫ్లేర్ అతన్ని తాకనే లేదు. గ్లవ్‌లో బ్లేడు దాచుకొచ్చి తన ముఖం తనే కోసుకున్నాడు. మ్యాచ్ బ్రెజిల్‌దయింది, 1994 ప్రపంచకప్‌కి చిలీని దూరం పెట్టారు, రోజాస్‌కి జీవితకాల నిషేధం పడింది. 2001లో ఎత్తేశారు గానీ అప్పటికి ఆడే వయసు దాటిపోయింది.

రోజాస్ గొప్ప కీపర్. అయినా అతని పేరు వినగానే బ్లేడు గుర్తొస్తే నాకేం అభ్యంతరం లేదు. ఇంటి దగ్గరో హోటల్ గదిలోనో కూర్చుని, బ్లేడు ఎక్కడ దాచాలో ఆలోచించి, గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. మనసు మార్చుకోవడానికి అతనికి ఎంతో సమయం ఉంది. హెన్రీకీ సువారెజ్‌కీ అర సెకను కూడా లేదు. నేను గీత గీసేది అక్కడ.

మారడోనాని కావాలనే ఇంతవరకూ తీసుకురాలేదు. ఈ విషయం ఎత్తితే ప్రతివాడూ అక్కణ్ణించే మొదలుపెడతాడు. 1986 జూన్ 22, ఇంగ్లండ్ మీద 51వ నిమిషంలో చేత్తో ఒక గోల్, నాలుగు నిమిషాలకే సగం జట్టుని దాటుకుంటూ వెళ్లి ఇంకో గోల్. ఆ రెండూ కొట్టిన చొక్కా ఒకటే, 2022 వేలంలో 71 లక్షల పౌండ్లు దాటి పలికింది. కొన్నవాడు ఏ గోల్‌కి డబ్బు కట్టాడో పంచి చెప్పగలవా? ఇంకోటి గమనించు. 1990 ప్రపంచకప్‌లో నేపుల్స్‌లో సోవియట్ జట్టు మీద కూడా మారడోనా గోల్‌లోకి పోయే బంతిని చేత్తో ఆపాడు. రెఫరీ పట్టించుకోలేదు, అర్జెంటీనా 2–0తో గెలిచింది. దాన్ని ఎంతమంది తలుచుకుంటారు? మొదటిదానికి వెనకాల బ్రిటన్‌తో అర్జెంటీనా చేసిన ఫాక్లండ్స్ యుద్ధం ఉంది, పక్కనే అద్భుతమైన గోల్ ఉంది, మ్యాచ్ అయ్యాక మారడోనా నోటివెంట వచ్చిన "దేవుడి చెయ్యి" అన్న మాట ఉంది. రెండోదానికి ఇవేవీ దొరకలేదు. అంటే ఒక తొండి పేరుకి అతుక్కోవడంలో సగం పని కథ చెప్పేవాళ్లదే. ఇప్పుడు నువ్వూ ఆ పనిలో దిగావు, అందుకే ఇంత సాగదీస్తున్నాను.

తొండి గుర్తుండిపోయినంతగా నిజాయితీ గుర్తుండదు, అదీ చూడు. 2012 సెప్టెంబర్‌లో ఇటలీ లీగ్‌లో లాజియో తరఫున నాపోలీ మీద జర్మనీ ఆటగాడు మీరోస్లావ్ క్లోజె గోల్ కొట్టి, అది చేతికి తగిలిందని తనే రెఫరీకి చెప్పాడు. గోల్ రద్దయింది, లాజియో 3–0తో ఓడింది. క్లోజె అనగానే ప్రపంచకప్‌లలో కొట్టిన 16 గోల్స్ చెబుతారు, ఇది చెప్పేవాళ్లు అరుదు. ఒక్క తొండి మనిషిని నిర్వచించేట్టయితే, ఒక్క నిజాయితీ కూడా నిర్వచించాలి. ఆ లెక్కకి ఎవరూ ఒప్పుకోరు, నువ్వూ ఒప్పుకోవు.

ఇంతకీ నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నా. ఆ పనిని వ్యాసంలోంచి తీసెయ్యడానికి వీల్లేదు, ఉపోద్ఘాతంలో దాచడానికీ వీల్లేదు. దాని సైజులో దాన్ని ఉంచు. పక్కన నష్టపోయినవాణ్ణి నిలబెట్టు. పారిస్ మ్యాచ్ అయ్యాక గడ్డి మీద కూలబడ్డ ఐరిష్ డిఫెండర్ రిచర్డ్ డన్ పక్కన హెన్రీ వచ్చి కూర్చున్న ఫోటో నువ్వూ చూసి ఉంటావు. దాని మీద రాసినవాళ్లంతా హెన్రీ ముఖాన్నే చదివారు. డన్ 2002 ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు, ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. 2009లో తలుపు మూసుకుపోయాక ప్రపంచకప్‌లో ఆడే అవకాశం అతనికి మళ్లీ రాలేదు. ఉత్తర లండన్‌కి హెన్రీ అంటే విగ్రహం, డబ్లిన్‌కి హెన్రీ అంటే చెయ్యి. ఒక ఊరి జ్ఞాపకం తప్పని ఇంకో ఊరి తరఫున చెప్పే అధికారం మనకెవరిచ్చారు? రెండూ రాయి.

నీ వ్యాసంలో డన్ లాంటి స్థానం జ్యాన్‌ది. ఘానాకి 51 గోల్స్, ప్రపంచకప్‌లలో ఆరు. ఆఫ్రికా ఆటగాళ్లలో ప్రపంచకప్ గోల్స్ ఎక్కువ అతనివే. అతను ఏ తొండీ చెయ్యలేదు. అయినా అతని పేరు ఎత్తితే ముందు ఆ క్రాస్‌బారే వినిపిస్తుంది. బంతి బార్‌కి తగిలిన కాసేపటికే షూటౌట్ మొదలైతే, ఘానా తరఫున మొదటి కిక్ తన్నడానికి వెళ్లింది ఎవరనుకున్నావు? జ్యానే. గోల్ కొట్టాడు కూడా. ఇది నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. సువారెజ్ మీద పేజీలు తగ్గించి ఆ కిక్‌కి చోటు చెయ్యి. కొరకడాల గురించి రాసేటప్పుడు తారీఖులు వరుసలో పెట్టు. 2022లో మొరాకో సెమీఫైనల్ చేరేదాకా ఏ ఆఫ్రికా జట్టూ అక్కడికి చేరలేదన్న మాట ఎక్కడో ఒకచోట రానీ. ఆ "దొంగ" వాక్యం కొట్టేసి, మిగతాది తిరగరాసి పంపు. చదువుతాను.

మీ అన్న